సాల్యూట్-7 పీటముడి: మంచుకట్టిన అంతరిక్ష కేంద్రాన్ని ఇద్దరు ఎలా బతికించారు

1985 ఫిబ్రవరి 11న సాల్యూట్-7 మూగబోయింది. గంటన్నరకు ఒకసారి భూమిని చుట్టి వచ్చే ఈ సోవియట్ అంతరిక్ష కేంద్రంలో అప్పటికి నాలుగు నెలలుగా మనుషులు లేరు. చివరి సిబ్బంది 1984 అక్టోబరు 2న దిగి వచ్చేశారు. ఖాళీగా ఉన్నా కేంద్రం తన బాగోగుల సమాచారాన్ని ఎప్పటికప్పుడు కిందికి పంపుతూనే ఉండేది. ఆ రోజు రేడియో వ్యవస్థలో ఒక భాగం విద్యుత్ ప్రవాహం హద్దు మీరడంతో ఆగిపోయింది. దాని స్థానంలో అదనపు భాగం పనిలోకి వచ్చింది. ఆగిపోయిన దాన్ని మళ్లీ నడిపించాలని నియంత్రణ కేంద్రం ఆదేశం పంపింది. ఆ తర్వాత పైనుంచి ఉలుకూ లేదు, పలుకూ లేదు.

నేల మీది రాడార్లకు మాత్రం అది కనిపిస్తూనే ఉంది. ముక్కలు కాలేదు, కక్ష్య తప్పలేదు. అంతకు మించి ఎవరికీ ఏమీ తెలియదు. లోపల గాలి మిగిలి ఉందా? మంటలేమైనా చెలరేగాయా? విద్యుత్ ఉండి రేడియో ఒక్కటే పోయిందా, లేక సర్వం ఆగిపోయిందా? లోపల గడియ పడిన ఇంటి తలుపును ఎంత తట్టినా ఎవరూ పలకనప్పుడు బయట నిలబడిన వాళ్ల పరిస్థితి ఎలా ఉంటుందో మాస్కోలోని ఇంజనీర్ల పరిస్థితి అలా ఉంది.

దాన్ని అలాగే వదిలేయవచ్చు కదా అనిపిస్తుంది. కానీ తర్వాతి కేంద్రమైన మీర్ ఇంకా సిద్ధం కాలేదు. అది కక్ష్యలోకి చేరింది 1986 ఫిబ్రవరిలో. అప్పటివరకు సోవియట్ దేశానికి పైన ఉన్నది ఈ ఒక్క గూడే. పైగా దాదాపు 20 టన్నుల బరువున్న వస్తువు అదుపు లేకుండా తిరుగుతూ ఉంటే ఏదో ఒక రోజు ఎక్కడో ఒకచోట పడుతుంది. అమెరికా అంతరిక్ష కేంద్రం స్కైలాబ్ 1979లో అలాగే కూలి, శకలాలు ఆస్ట్రేలియాలో పడిన సంగతి ఇంకా ఎవరూ మరిచిపోలేదు. మన పాఠకులకు ఇక్కడ ఒక సంగతి గుర్తుచేయాలి. 1984 ఏప్రిల్‌లో రాకేశ్ శర్మ వెళ్లి ఉండి వచ్చింది ఈ సాల్యూట్-7లోనే. ఆయన నిద్రపోయిన, ప్రయోగాలు చేసిన గదులే ఏడాది తిరగకముందే గడ్డకట్టిపోయాయి.

ఈ కథ చెప్పేవాళ్లు సాధారణంగా డాకింగ్, అంటే నౌకను కేంద్రానికి చేర్చి బిగించే ఘట్టం దగ్గర ఊపిరి బిగబట్టిస్తారు. అది నిజంగా అంతటి ఘట్టమే, సందేహం లేదు. అయితే నన్ను ఎక్కువగా పట్టి నిలిపేది ఆ తర్వాతి వారం. చచ్చిన అంతరిక్ష కేంద్రం అంటే పాడైన యంత్రం అనుకుంటాం. అసలు చిక్కు వేరు. అక్కడ ప్రతి వ్యవస్థా మరో వ్యవస్థ మీద ఆధారపడి ఉంటుంది. ఒకటి నడవాలంటే రెండోది ముందే నడుస్తూ ఉండాలి. అన్నీ ఒకేసారి ఆగిపోతే దేన్ని ముందు మొదలుపెట్టాలి? ఆ పీటముడికి కొస దొరికిన తీరే ఈ కథలో అసలైన విద్య.

ముందు డాకింగ్ సంగతి చూద్దాం. మామూలుగా మనుషులను మోసుకెళ్లే సోయుజ్ నౌక అంతరిక్ష కేంద్రాన్ని చేరడం రెండు వైపుల నుంచీ సాగే పని. నౌకలో ఇగ్లా అనే రేడియో వ్యవస్థ ఉండేది. రష్యన్‌లో ఇగ్లా అంటే సూది. అది పంపే సంకేతాలకు కేంద్రంలోని జత పరికరం బదులిస్తుంది. ఆ సంభాషణను బట్టి దూరం, దిశ, వేగం తెలుస్తాయి. కేంద్రం కూడా తన ద్వారాన్ని వచ్చే నౌక వైపు తిప్పి నిలుపుతుంది. చేయి చాచితే ఎదుటివాళ్లూ చేయి అందించినట్టన్న మాట. సాల్యూట్-7 ఇప్పుడు చేయి అందించే స్థితిలో లేదు. రేడియో బదులు రాదు, ద్వారం ఇటు తిరగదు, దీపాలు వెలగవు.

పోనీ, చేత్తో నడిపి చేర్చవచ్చు కదా అంటే, అదెంత కష్టమో రెండేళ్ల ముందే తెలిసింది. 1983 ఏప్రిల్‌లో సోయుజ్ టి-8 నౌక యాంటెన్నా దెబ్బతిని ఇగ్లా పనిచేయలేదు. కమాండర్ వ్లదిమీర్ తితోవ్ చేత్తో ప్రయత్నించి, గుద్దుకునే ప్రమాదం కనిపించగానే పక్కకు తప్పించి, వెనక్కి వచ్చేశాడు. అది కూడా కేంద్రం ఆరోగ్యంగా ఉన్నప్పటి మాట.

రోడ్డు మీద ముందు వెళ్తున్న బండిని అందుకోవాలంటే వేగం పెంచితే చాలు. కక్ష్యలో ఈ లెక్క తిరగబడుతుంది. ఇంజను వెలిగించి ముందుకు నెట్టుకుంటే నౌక పై కక్ష్యలోకి లేస్తుంది. పై కక్ష్యలో ఒక చుట్టు తిరగడానికి ఎక్కువ సమయం పడుతుంది కాబట్టి చివరికి వెనకబడుతుంది. ముందున్న దాన్ని అందుకోవాలంటే కాస్త కిందికి దిగి, లోపలి వలయంలో తిరిగి, సరైన క్షణంలో పైకి లేవాలి. ఇదంతా సెకనుకు ఏడు కిలోమీటర్లకు మించిన వేగంలో. కొన్ని కిలోమీటర్ల దూరంలోకి వచ్చాక ఈ వంకర దారులను పక్కన పెట్టి, కంటితో చూస్తూ నేరుగా నడపవచ్చు. కానీ అక్కడిదాకా చేరడానికి, చేరాక దూరం ఎంతో తెలుసుకోవడానికి ఒక దారి కావాలి కదా.

నేల మీది దారి రాడార్లు చూపాయి. అంతరిక్ష వస్తువులను గమనించే సైనిక రాడార్ల లెక్కలతో నౌకను కేంద్రానికి సుమారు పది కిలోమీటర్ల దూరం దాకా తీసుకెళ్లాలని నిర్ణయించారు. ఆ తర్వాతి భారం మనుషులదే. ఇందుకోసం సోయుజ్ టి-13ను మార్చారు. మూడో కుర్చీని తీసేశారు. పనికిరాని ఇగ్లా పరికరాలనూ తీసేశారు. మిగిలిన బరువులో అదనంగా ఇంధనం, నీరు సర్దారు. నౌకను నడిపే పిడిని పక్క కిటికీ దగ్గర అమర్చారు. చేత పట్టుకునే లేజర్ దూరమాపకాన్ని, చీకట్లో చూపునిచ్చే పరికరాన్ని చేర్చారు.

మనుషుల ఎంపిక కూడా అంతే జాగ్రత్తగా జరిగింది. కమాండర్ వ్లదిమీర్ జానిబెకోవ్‌కు ఇది ఐదో యాత్ర. 1982లో సోయుజ్ టి-6 సాల్యూట్-7కు తొమ్మిది వందల మీటర్ల దూరంలో ఉండగా స్వయంచాలక వ్యవస్థ మొరాయిస్తే, చేత్తో నడిపి కేంద్రానికి చేర్చినవాడు ఆయనే. 1984 జులైలో స్వెత్లానా సవిత్స్కయా అంతరిక్షంలో నడిచిన తొలి మహిళ అయినప్పుడు ఆమెతో పాటు సాల్యూట్-7 బయట ఉన్నదీ ఆయనే. ఆ కేంద్రం గోడలు ఆయనకు బాగా తెలుసు. ఇంజనీరు విక్తర్ సవినిఖ్‌కు ఇది రెండో యాత్ర. ఒకరిది నడిపే చేయి, ఒకరిది యంత్రం నాడి పట్టే చేయి.

1985 జూన్ 6న వారు బైకనూర్ ప్రయోగ కేంద్రం నుంచి బయలుదేరారు. జూన్ 8న కిటికీలోంచి సాల్యూట్-7 మెరిసే చుక్కలా కనిపించింది. దగ్గరవుతున్నకొద్దీ సవినిఖ్ దూరం, వేగం లెక్క చూసి అంకెలు చెబుతుంటే జానిబెకోవ్ నౌకను నడిపాడు. ఎదురుగా ఉన్నది స్పష్టంగా కనిపించేసరికి మొదటి జవాబు దొరికింది, అది మంచి జవాబు కాదు. సూర్యుడి వైపు తిరిగి ఒకే తీరుగా ఉండాల్సిన సౌర ఫలకాలు ఒకదానితో ఒకటి పొసగకుండా, తలో దిక్కుకూ ఒరిగి ఉన్నాయి. వాటిని తిప్పే వ్యవస్థ ఆగిపోయిందని దాని అర్థం. అంటే పోయింది రేడియో ఒక్కటే కాదు. లోపల విద్యుత్తే లేదు.

సుమారు రెండు వందల మీటర్ల దగ్గర ఆగి, అంతా సరిచూసుకుని, జానిబెకోవ్ నౌకను కేంద్రం చుట్టూ తిప్పి ముందు ద్వారానికి ఎదురుగా తెచ్చాడు. ఇక్కడ ఒక్క విషయం వారికి కలిసొచ్చింది. డాకింగ్‌లో పట్టుకుని బిగించే పనంతా వచ్చే నౌక వైపు యంత్రాంగానిదే. కేంద్రం వైపున ఉన్నది ఆ ముక్కును లోపలికి రానిచ్చే గరాటు లాంటి భాగం. అందుకు విద్యుత్ అక్కర్లేదు. నెమ్మదిగా తాకింది, పట్టుకుంది, బిగుసుకుంది. స్పందించని కేంద్రానికి మనుషులు ఇలా నౌకను చేర్చడం అదే మొదటిసారి.

తలుపు తెరవడం కూడా అంచెలంచెలుగా సాగింది. లోపల గాలి లేకపోతే తలుపు తెరిచీ లాభం లేదు. మంట రేగి ఉంటే ఆ గాలి విషమై ఉండవచ్చు. చిన్న కవాటం తెరిచి పీడనం చూశారు, రంగు మారే గొట్టాలతో విషవాయువులున్నాయేమో పరీక్షించారు. గాలి ఉంది. పీల్చదగినదే. లోపలికి వెళ్తే చిమ్మచీకటి. మామూలుగా అంతరిక్ష కేంద్రంలో ఫ్యాన్ల రొద ఒక్క క్షణం కూడా ఆగదు. ఆ రొదకు అలవాటు పడిన చెవులకు ఇక్కడ ఏమీ వినిపించలేదు. టార్చి వెలుగులో గోడల మీద మంచు మెరిసింది.

ఎంత చలి? అక్కడి ఉష్ణమాపకాల అంకెలు సున్నా దగ్గరే ఆగిపోతాయి. ఆ కిందికి కొలవడానికి సాధనం లేదు. గోడ మీద ఉమ్మి ఎంతసేపటికి గడ్డకడుతుందో చూశారు. మూడు సెకన్లు పట్టింది. అంతరిక్ష యాత్రల చరిత్రలో ఇంత సులువైన ఉష్ణమాపకాన్ని మరెవరూ వాడి ఉండరు. అంతకు ముందు ఉండి వెళ్లిన సిబ్బంది తర్వాత వచ్చేవారి కోసం బల్ల మీద ఎండు రొట్టె, ఉప్పు పెట్టి వెళ్లారు. అతిథిని రొట్టె, ఉప్పుతో ఆహ్వానించడం రష్యన్ల ఆచారం. ఆ గడ్డకట్టిన చీకటి గదిలో ఆ మర్యాద అలాగే చెక్కుచెదరకుండా ఉంది.

ఇక పీటముడి. వెచ్చదనం కావాలంటే విద్యుత్ ఉండాలి. విద్యుత్ కావాలంటే బ్యాటరీలు నిండాలి. బ్యాటరీలు నిండాలంటే సౌర ఫలకాలు సూర్యుడిని చూడాలి. ఫలకాలను తిప్పే మోటార్లకు, కేంద్రాన్నే తిప్పే వ్యవస్థకు విద్యుత్ కావాలి. ఇంతటితో ఆగలేదు. ఫలకాల మీద ఎండ పడుతున్న సమయంలో కూడా ఆ విద్యుత్ బ్యాటరీల్లోకి చేరడం లేదు. ఫలకాలను బ్యాటరీలకు కలిపే మీటలు నొక్కుకోవడానికి కూడా కాస్త విద్యుత్ ఉండాలి మరి. బ్యాటరీలు పూర్తిగా అడుగంటాక ఆ కాస్త కూడా మిగలలేదు. తాళంచెవి పెట్టెలో పెట్టి పెట్టెకు తాళం వేసినట్టయింది.

సోయుజ్‌లో విద్యుత్ ఉంది కదా, ఒక తీగ లాగి కలపవచ్చు కదా అని ఎవరికైనా తోస్తుంది. అక్కడే పెద్ద ప్రమాదం దాగి ఉంది. కేంద్రం తీగల్లో ఎక్కడో షార్ట్ సర్క్యూట్ ఉంటే అది సోయుజ్ వ్యవస్థను కూడా కాల్చేస్తుంది. సోయుజ్ చెడితే తిరిగి రావడానికి దారే ఉండదు. చచ్చిన కేంద్రాన్ని బతికించబోయి బతికున్న నౌకను పోగొట్టుకోకూడదు. ఈ ఒక్క నియమం దగ్గర ఎవరూ రాజీ పడలేదు.

అందుకని వాళ్లు యంత్రాంగాన్ని పక్కన పెట్టి చేతుల్నే నమ్ముకున్నారు. కేంద్రంలో మొత్తం ఎనిమిది బ్యాటరీలు. ఒక్కొక్కటీ పరీక్షిస్తే ఆరు పనికొచ్చేలా ఉన్నాయి, రెండు పూర్తిగా పోయాయి. సౌర ఫలకాల నుంచి వచ్చే తీగలను వెతికి, పైతొడుగు గీకి, కొసలు మెలిపెట్టి, టేపు చుట్టి నేరుగా బ్యాటరీలకు కలపాలి. బొచ్చు దుస్తులు, ఉన్ని టోపీలు వేసుకున్నారు సరే. చేతి తొడుగులతో సన్నని తీగల కొసలు చుట్టడం సాధ్యం కాదు. గడ్డకట్టే చలిలో, టార్చి వెలుగులో, ఉత్త వేళ్లతో ఆ పని చేశారు. మిగిలింది ఫలకాలకు ఎండ తగిలించడం. దానికి కొస సోయుజ్‌లో దొరికింది. నౌక కేంద్రానికి బిగుసుకుని ఉంది కాబట్టి నౌక చిన్న ఇంజన్లను వెలిగిస్తే మొత్తం కేంద్రమే కదులుతుంది. సోయుజ్ తనకంటే దాదాపు మూడు రెట్లు బరువైన కేంద్రాన్ని పక్కకు తిప్పి, ఫలకాలను సూర్యుడికి ఎదురుగా నిలిపింది. విద్యుత్తును అరువు తీసుకోకుండా కదలికను అరువు తీసుకున్నారు. ఈ ఆలోచన చదివిన ప్రతిసారీ నాకు అదే ఆనందం కలుగుతుంది.

బ్యాటరీలు ఒక్కొక్కటిగా నిండడం మొదలుపెట్టాయి. దీపాలు వెలిగాయి. కానీ చుట్టూ ఉన్న ఇతర ప్రమాదాలు వాటి పని అవి చేసుకుపోతూనే ఉన్నాయి. మొదటిది ఊపిరి. నేల మీద మనం వదిలిన వెచ్చని గాలి పైకి లేచిపోతుంది, కొత్త గాలి వస్తుంది. బరువులేని చోట పైకి అనేదే లేదు. ఫ్యాన్లు తిరగకపోతే వదిలిన గాలి ముఖం చుట్టూనే మేఘంలా నిలిచిపోతుంది. అదే గాలిని మళ్లీ పీలుస్తుంటే తలనొప్పి, మందకొడితనం, చివరికి స్పృహ తప్పడం. అందుకే ఒకరు పనిచేస్తుంటే మరొకరు గమనిస్తూ ఉండాలి. కాసేపు పని, కాసేపు సోయుజ్‌లోకి వెళ్లి వెచ్చబడటం. గాలిని శుద్ధి చేసే పని కూడా మొదట్లో సోయుజ్ పరికరాలదే.

రెండోది నీరు. కేంద్రంలో నీళ్ల తొట్లు గడ్డకట్టాయి. వెంట తెచ్చింది కొద్ది రోజులకే. తొట్లు కరగకముందే ఆ నీరు అయిపోతే ఎంత బాగుచేసినా వదిలేసి రావాల్సిందే. గుక్కలు లెక్కపెట్టి తాగారు. తొట్లు పూర్తిగా కరిగింది జూన్ నెలాఖరుకు. కేంద్రంలో నీరు కాచే పరికరం కాలిపోవడంతో చిత్రీకరణకు వాడే శక్తిమంతమైన దీపం వేడితో పానీయాలు వెచ్చబెట్టుకున్నారు.

మూడోది అందరికంటే కపటమైన శత్రువు: తడి. చలి తగ్గితే కష్టం తీరినట్టే అనిపిస్తుంది. కానీ గోడల మీది మంచు, ఇద్దరి ఊపిరిలోని తేమ అంతా ఇప్పుడు నీరవుతుంది. బరువులేని చోట ఆ నీరు కిందికి కారిపోదు. ఎక్కడున్న నీరు అక్కడే పొరలా అంటుకుంటుంది. పలకల వెనక, తీగల కీళ్లలో చేరితే షార్ట్ సర్క్యూట్, ఆపైన నిప్పు. గాలిని ముందుగా వేడెక్కిస్తే అది మరింత తేమను మోసి చల్లని యంత్రాల మీద మళ్లీ నీరుగా దింపుతుంది. కాబట్టి వరుస ముఖ్యం. ముందు తుడవాలి, గోడలు ఆరాలి, ఆ తర్వాతే గాలిని వెచ్చబరిచే యంత్రాలను పూర్తిగా నడపాలి. చేతికందిన గుడ్డలతో రోజుల తరబడి తుడిచారు. లోపలి తేమ మామూలు స్థాయికి వచ్చింది జులై చివరికి. ఈ తుడిచే పనికి పతాక శీర్షికలు దక్కవు. డాకింగ్‌కు ఎంత ధైర్యం కావాలో దీనికి అంతే ఓపిక కావాలి.

ఇంతకీ మొదట ఏం జరిగింది? కేంద్రంలోపల వెతికాక తేలింది. సౌర ఫలకాల నుంచి బ్యాటరీలను నింపే ఏర్పాటులో ఒక సెన్సర్ చెడిపోయింది. దానివల్ల బ్యాటరీలు నిండడం ఆగిపోయింది. సాధారణ రోజుల్లో నేల మీదివాళ్లు ఇది గమనించి సరిచేసేవాళ్లే. కానీ సరిగ్గా అప్పుడే రేడియో పోయింది. చెడిపోయిన సెన్సర్ సంగతి చెప్పే నోరు, దాన్ని సరిచేయమనే మాట వినే చెవి రెండూ లేకుండా కేంద్రం తన బ్యాటరీలను తానే ఖాళీ చేసుకుంటూ పోయింది. రెండు చిన్న లోపాలు. విడివిడిగా వస్తే ఏదీ ప్రాణాంతకం కాదు.

స్కైలాబ్‌తో పోల్చి చూస్తే ఈ పని ఎంత భిన్నమైనదో తెలుస్తుంది. 1973 మే 14న ప్రయోగం సమయంలోనే స్కైలాబ్ రక్షణ కవచం ఊడిపోయింది. ఒక సౌర రెక్క పోయింది, మరొకటి ఇరుక్కుంది. లోపల వేడి యాభై డిగ్రీలు దాటింది. పీట్ కాన్రాడ్ బృందం పదకొండు రోజులకే వెళ్లి గొడుగు లాంటి నీడ పరిచింది, జూన్ 7న బయటికి వెళ్లి ఇరుక్కున్న రెక్కను విడిపించింది. అది గొప్ప సాహసం. అయితే స్కైలాబ్ మాట్లాడుతూనే ఉంది. ఎక్కడ నొప్పి అంటే చెప్పింది. వైద్యులు మందులతో సిద్ధమై వెళ్లారు. సాల్యూట్-7 విషయంలో రోగం ఏమిటో తెలియకుండానే బయలుదేరాల్సి వచ్చింది.

జూన్ 13న కేంద్రం తన దిశను తానే మార్చుకోగలిగింది. డాకింగ్ తర్వాత ఇదే పెద్ద మలుపు. ఇప్పుడు సరుకుల నౌక వచ్చి చేరగలదు. జూన్ 21న బయలుదేరిన ప్రోగ్రెస్-24 రెండు రోజులకు చేరి, మార్చాల్సిన విడిభాగాలను, ఇంధనాన్ని, నీటిని అందించింది. ఆ సరుకులు విప్పుతుండగా జరిగిన ఒక చిన్న సంగతి ఇప్పటికీ భౌతికశాస్త్ర తరగతుల్లో వినిపిస్తుంది. జానిబెకోవ్ రెక్కల నట్టు ఒకదాన్ని వేలితో తిప్పి వదిలాడు. అది బోల్టు నుంచి ఊడి, తిరుగుతూ గాలిలో సాగి, ఉన్నట్టుండి తలకిందులైంది. కాసేపటికి మళ్లీ తలకిందులైంది. మూడు అక్షాలున్న వస్తువు మధ్య అక్షం చుట్టూ తిరిగితే నిలకడగా ఉండదని గణితం ముందే చెప్పింది. దాన్ని కంటితో చూసిన ఆయన పేరుతోనే అది జానిబెకోవ్ ప్రభావంగా ప్రసిద్ధమైంది.

ఆగస్టు 2న ఇద్దరూ బయటికి వెళ్లి అదనపు సౌర ఫలకాలు బిగించారు. సెప్టెంబరులో సోయుజ్ టి-14లో ముగ్గురు వచ్చారు. జానిబెకోవ్ వారిలో ఒకరైన గెయోర్గీ గ్రెచ్కోతో కలిసి 26న దిగి వచ్చాడు. సవినిఖ్ అక్కడే ఉండిపోయాడు. సిబ్బందిలో కొందరు మారి కొందరు కొనసాగే పద్ధతి అలా మొదలైంది. కమాండర్ వ్లదిమీర్ వాస్యూతిన్ అనారోగ్యం వల్ల మిగిలిన ముగ్గురూ నవంబరు 21న ముందుగానే తిరిగి రావాల్సి వచ్చింది.

1986 మేలో ఇద్దరు అతిథులు మీర్ కేంద్రం నుంచి సోయుజ్ టి-15లో వచ్చి సాల్యూట్-7 తలుపు తెరిచారు. లియొనీద్ కిజీమ్, వ్లదిమీర్ సొలొవ్యోవ్. 1984 అక్టోబరులో ఆ బల్ల దగ్గరి నుంచి చివరిగా లేచి వెళ్లిన ముగ్గురిలో వీరిద్దరూ ఉన్నారు. మిగిలిపోయిన పనులు చూసుకుని, ఇరవై దాకా పరికరాలను విప్పి మీర్‌కు తీసుకెళ్లారు. ఆ తర్వాత అక్కడికి ఎవరూ వెళ్లలేదు. 1991 ఫిబ్రవరి 7న సాల్యూట్-7 వాతావరణంలోకి దిగి కాలిపోయింది. మిగిలిన శకలాలు అర్జెంటీనాలో పడ్డాయి.